బ్లేడా, బ్లోయరా?

హెక్టర్ బోద్రీ ఇల్లమ్ముకుని అరిజోనాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ, "ఇక ఈ జన్మలో తెల్లటిది ఏదైనా నా కంటబడితే అది ఐస్‌క్రీమే అయ్యుండాలి" అన్నాడు. టామరాక్ రోడ్డులో మంచు తీసే మనిషి అతనొక్కడే. అతను పోతూ పోతూ తన చిన్న లోడరును డేల్ కంగాస్‌కీ, డేల్ బావమరిది రూడీకీ కలిపి అమ్మేశాడు. లోడరుతో పాటు వచ్చింది మట్టి ఎత్తే బకెట్ ఒక్కటే. మంచు తీసే సామానంతా ఎప్పుడో తుప్పు పట్టి పోయిందట.

అది సెప్టెంబరు. అక్టోబరులో డేల్ మోకాలికి ఆపరేషన్ అయింది. నవంబరులో సుపీరియర్ సరస్సు మీద మబ్బు కమ్మింది. లోడరు ముందు ఏం తగిలించాలన్న విషయం మాత్రం ఇంకా తేలలేదు.

"బ్లేడు బావా, బ్లేడు!" అన్నాడు రూడీ, బల్ల మీద మోచేతులాన్చి. "కౌంటీ మంచుబండి తోలీ తోలీ జుట్టు నెరిసింది నాకు. ఎన్ని రకాలొచ్చినా బ్లేడును మించింది లేదు. దించామా, తోశామా, పోయామా."

"మీ కౌంటీ బండి రోడ్డు మీద మంచు తీసుకొచ్చి జనం గుమ్మాల్లో పోస్తుంది. దాన్ని తియ్యడం అనరురా, పంచిపెట్టడం అంటారు." డేల్ కట్టు కట్టిన కాలును ఎదురు కుర్చీ మీద సర్దుకున్నాడు. "బ్లోయరైతే ఎత్తి అల్లంత దూరాన పారేస్తుంది. మళ్ళీ దాని మొహం చూడక్కర్లేదు."

"బ్లోయరంటే కుట్టుమిషన్ బావా. ఒక్కో అంగుళం కుట్టుకుంటూ కూచోవాలి. మొదటి ఇల్లు అయ్యేసరికి ఆఖరి ఇంటివాళ్ళు ఈస్టరు చేసుకుంటారు."

"కుట్టినా శుభ్రంగా కుడుతుంది. నీలాగా చింపి పోదు."

వెర్నా ఇద్దరి పళ్ళేల్లోనూ మాంసం, దుంపలు కూరిన వేడి పాస్టీలు పెట్టి, కెచప్ సీసా మధ్యలో ఉంచింది. మొగుడికీ తమ్ముడికీ పోట్లాట ఎంత ముదిరితే ఆకలి అంత పెరుగుతుందని ఆమెకు తెలుసు. అందుకే ఆ రోజు రెండు ఎక్కువే చేసింది.

ఇంతకీ ఆ బండి తోలేది వెర్నా. డేల్ వసంతం దాకా మెట్లెక్కకూడదన్నాడు డాక్టరు. రూడీ తెల్లవారకముందే కౌంటీ డ్యూటీకి పోతాడు. స్కూలు బస్సు తోలి తోలి జూన్‌లోనే రిటైరైన వెర్నాకు చేతులు ఊరికే ఉండటం లేదు. రోడ్డు పొడుగునా మంచు తియ్యమని అడిగిన డజను ఇళ్ళూ, రోడ్డు మొదట్లో లూథరన్ చర్చి ఆవరణా, అన్నీ నేను చూసుకుంటానని ఆమే అంది. బండికి ఏది తగిలించాలో మాత్రం ఎవరూ ఆమెను అడగలేదు. అడిగి ఉంటే తనకూ తెలియదని చెప్పేది.

హాటన్‌లోని దుకాణానికి ముగ్గురూ ఒకే పికప్పులో వెళ్ళారు. దుకాణం నడిపే గ్లెన్ పొడుగాటి మనిషి. అన్నీ విని ఆఖర్న మాట్లాడే రకం. ఆవరణలో వరసగా నిలబెట్టిన ఇనుప సామాను మధ్య డేల్ కర్రల మీద ఎగురుతూ పోయి, అన్నిటికన్నా పెద్ద బ్లోయరు ముందు ఆగాడు. దాని నోట్లో ఒక దూడ పట్టేలా ఉంది.

"ఇదీ!" అన్నాడు, పెళ్ళిచూపులయిపోయినట్టు.

"అది మీ బండి తిప్పలేదు డేల్" అన్నాడు గ్లెన్. "బండి పంపు తోసే ఆయిలే దీన్ని తిప్పాలి. మీది పాత బండి, అంత ఆయిలు తొయ్యదు. పొడి మంచైతే ఎలాగో తిరుగుతుంది. తడి మంచు తగిలిందంటే అక్కడే మొరాయిస్తుంది. మీ బండికి సరిపోయేది ఇదిగో, ఈ పక్కది."

పక్కది సగం ఉంది. డేల్ దాన్ని చూసిన చూపుకి అది సిగ్గుపడాల్సిందే.

"అందుకే బావా, బ్లేడన్నాను" అంటూ రూడీ అప్పటికే ఒక పసుపు రంగు బ్లేడును బూటుతో తట్టి చూస్తున్నాడు. "దీనికి ఆయిలూ వద్దు, అరుపులూ వద్దు. కింద అంచు చూడు, రాయి తగిలితే తనే వెనక్కి మడుచుకుంటుంది. గుర్రంలాంటిది."

"ఇంతకీ తోలేదెవరు?" అన్నాడు గ్లెన్.

ఇద్దరి చేతులూ వెర్నా వైపు లేచాయి.

"నువ్వేమంటావు వెర్నా?"

"ఏమనను? రెండూ తోలి చూళ్ళేదు కదా" అంది ఆమె. "చూడనివ్వు, అప్పుడు చెప్తాను. ఇద్దరి మాటా విన్నాను గానీ, ఇద్దర్లో ఒక్కడైనా ఆ కేబిన్లో కూచోడు."

గ్లెన్ గడ్డం గోక్కున్నాడు. "సరే. తెలిసినవాళ్ళు కాబట్టి. ముందు ఒకటి తీసుకెళ్ళండి, నాలుగుసార్లు మంచు పడ్డాక తెచ్చిచ్చి రెండోది తీసుకెళ్ళండి. విరగ్గొడితే మాత్రం కొన్నట్టే."

మొదట ఏదన్నదానికి నాణెం ఎగరేశారు. డేల్ గెలిచాడు. ఇంటికి వచ్చేదాకా పికప్పులో ఈల వేస్తూనే ఉన్నాడు.

* * *

బ్లోయరు తగిలించడం వెర్నా అనుకున్నంత కష్టం కాలేదు. లోడరును దాని వీపుకు ఆనించి, రెండు మీటలు కిందికి తిప్పి, ఆయిలు గొట్టాలు బిగిస్తే అయిపోయింది. మొదటి పెద్ద మంచు పడిన పొద్దున ఆమె ఇంటి ముందు నుంచే మొదలుపెట్టింది. మర గుర్రుమంది, గొట్టంలోంచి తెల్లటి ధార ఒక్క ఉదుటున లేచి, విల్లులా వంగి, అవతలి దేవదారుల మొదట్లో పోయి పడింది. ఎండ ఉంటే అందులో ఇంద్రధనస్సు కూడా కనిపించేదేమో.

వరండాలో డేల్ దుప్పటి కప్పుకుని కుర్చీ వేసుకున్నాడు. చేతికర్ర ఎత్తి అటు, ఇటు, ఇంకొంచెం ఎత్తు అంటూ చూపించడం మొదలెట్టాడు. వెర్నా కేబిన్ తలుపు తీసి, "ఆ కర్ర నేల మీద పెట్టకపోతే ధార అటు తిప్పుతా" అంది. డేల్ కర్ర దించి, ఫోన్ తీసి వీడియో పట్టి బావమరిదికి పంపాడు. రూడీ దగ్గర్నుంచి కుట్టుమిషన్ బొమ్మ జవాబుగా వచ్చింది.

నెమ్మది మాట నిజమే. మనిషి నడిచినంత వేగమే. బస్సులో అయితే వెర్నాకు వెనకాల ఎప్పుడూ ఒక సంత ఉండేది: ఎవడో ఎవడి టోపీయో లాగేవాడు, ఎవరికో వాంతి వచ్చేది. ఇక్కడ వెనక ఎవరూ లేరు. కాళ్ళ దగ్గర హీటరు, పక్కన కాఫీ ఫ్లాస్కు, ముందు తెల్లటి ధార. ఇంత నిశ్శబ్దంగా, ఇంత గోల చేస్తూ పని చెయ్యొచ్చని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియలేదు.

రెండో మంచుకు బ్లోయరు స్వభావం ఇంకాస్త తెలిసింది. ట్రూడో వాళ్ళ వాకిట్లో మంచు కింద దినపత్రిక ఉంది. మర దాన్ని నమిలి, ఊరి వార్తలన్నీ వాళ్ళ కారు మీద పూలలా చల్లింది. దాని వెనకే గుమ్మం ముందు పరిచే కొబ్బరిపీచు పట్టా వచ్చింది. అది మాత్రం నమిలేది కాదు. మరకు దెబ్బ తగలకుండా తానే ముందు విరిగిపోయే బోల్టు ఒకటుంటుంది. అది టప్పున విరిగింది. వెర్నా వెల్లకిలా పడుకుని బోల్టు మారుస్తుంటే జేబులో ఫోన్ మోగింది.

"చప్పుడు ఆగిందేంటి?" అన్నాడు డేల్.

"పట్టా తినేసింది."

"దాని తప్పు కాదు. పట్టా అక్కడెందుకుంది?"

"నీ బ్లోయరు మీద ఈగ వాలనివ్వవు కదా" అని ఫోన్ పెట్టేసింది వెర్నా. వేళ్ళు కొయ్యబారిపోయాయి గానీ ఆమెకు నవ్వొచ్చింది.

అసలు సంగతి శనివారం మధ్యాహ్నం జరిగింది.

రోడ్డు చివర సిల్వియా నీమెలా గారి ఇల్లు. ఎనభై దాటిన మనిషి. ఆ చుట్టుపక్కల అందరికీ చిన్నప్పుడు పియానో నేర్పిన టీచరు. వెర్నాకూ నేర్పారు, వెర్నాకు రాలేదు, ఆ సంగతి ఇద్దరూ మర్చిపోలేదు. తన వాకిలి తానే తోపుడు పారతో తీసుకుంటానని, యంత్రాన్ని లోపలికి రానివ్వనని ఆవిడ ముందే చెప్పారు. కాబట్టి వెర్నా ఆవిడ గేటు బయట రోడ్డు మాత్రమే తీస్తోంది. ఉన్నట్టుండి సరస్సు మీంచి గాలి తిరిగింది. అడవి వైపు పోవాల్సిన ధార మొత్తం గాల్లో మెలితిరిగి, కంచె దాటి, పెరట్లో ఆవిరిస్నానం చేసే సౌనా గది మెట్ల మీద దబ్బున పడింది.

సరిగ్గా ఆ మెట్ల మీదే సిల్వియా గారు, సౌనాలోంచి అప్పుడే బయటికొచ్చి, తువ్వాలు చుట్టుకుని, ఒంట్లోంచి ఆవిర్లు పోతుండగా చల్లగాలికి కూచుని ఉన్నారు.

వెర్నా మర ఆపి, కేబిన్లోంచి దూకి, మోకాలి లోతు మంచులో పరిగెత్తింది. మెట్ల మీద ఒక తెల్లటి దిబ్బ ఉంది. దిబ్బకు రెండు కళ్ళున్నాయి.

"టీచరు గారూ! టీచరు గారూ! దెబ్బ తగిలిందా? గాలి తిరిగిందండీ, నేను చూసుకోలేదు, అయ్యో..."

దిబ్బ కదిలింది. దులుపుకుంది. ఆ తర్వాత సిల్వియా గారు నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వి, పిడికెడు మంచు తీసుకుని భుజాలకు రుద్దుకున్నారు.

"సౌనా చేసి మంచులో దొర్లి ఎన్నాళ్ళయిందో అమ్మాయ్! వంగితే లేవలేను, లేస్తే వంగలేను. నేను పోలేకపోతే మంచే వచ్చింది. ఇంకాస్త పొయ్యి!"

"పొయ్యనండీ! లోపలికి పదండి, జలుబు చేస్తుంది."

"నాకా జలుబు? నీకే చేసేలా ఉంది, మొహం పాలిపోయింది. బండి అక్కడ పెట్టి రా, సౌనాలో రాళ్ళు ఇంకా వేడిగానే ఉన్నాయి."

వెర్నా వెళ్ళింది. ఆ తర్వాత కాఫీ, యాలకుల రొట్టె కూడా అయ్యాయి. మిగిలిన నాలుగు ఇళ్ళు ఆ రోజు ఆలస్యమయ్యాయి. అందరూ ఫోన్ చేశారు. అందరికీ డేలే జవాబు చెప్పాడు, "యంత్రం చక్కగా పనిచేస్తోంది, మనిషే సౌనాలో ఉంది" అని.

* * *

బ్లేడు వచ్చిన రోజు రూడీ సెలవు పెట్టి వచ్చాడు. తనే తగిలించి, తనే తుడిచి, అక్కను చెయ్యిపట్టి కేబిన్ ఎక్కించాడు.

"దించు. ఇంకొంచెం. వాలు కొంచెం కుడికి తిప్పు. ఇప్పుడు నొక్కవే అక్కా, నొక్కు!"

వెర్నా నొక్కింది. మంచు బ్లేడు ముందు అలలా చుట్టుకుని పక్కకు దొర్లిపోయింది. ఇంటి వాకిలి నాలుగు తోపుల్లో అయిపోయింది. అటు పోయి ఇటు వచ్చేలోపు మూడిళ్ళు. పత్రిక ఉందా, పట్టా ఉందా అని చూడక్కర్లేదు, అన్నిటినీ తోసుకుపోతుంది. ఫ్లాస్కులో కాఫీ మూత తియ్యకముందే రోడ్డంతా అయిపోయింది. ఆమె ఇంటికొచ్చేసరికి డేల్ ఇంకా గడ్డం గీసుకుంటున్నాడు.

"ఏమైంది, పాడైందా?" అన్నాడు ఆశగా.

"అయిపోయింది."

"అంతా?"

"చర్చితో సహా."

డేల్ సగం సబ్బు మొహంతోనే కిటికీ దగ్గరికి పోయి చూశాడు. "అంచులు వంకరగా ఉన్నాయి" అన్నాడు చివరికి.

వెర్నాకు బ్లేడు నచ్చింది. ఒప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉంది గానీ నచ్చింది. అంత బరువైనది తన చేతి కదలికకు అంత చురుగ్గా వినడం, ఒక్క తోపుకు నేల నల్లగా బయటపడడం ఆమెకు హుషారుగా అనిపించింది. చిన్నప్పుడు రూడీతో కలిసి మంచుకొండ మీంచి జారుడు బండిలో దిగినప్పటి హుషారు అది. రూడీ రోజూ సాయంత్రం ఫోన్ చేసి, "ఎలా ఉంది మన గుర్రం?" అని అడిగేవాడు. "పరిగెడుతోందిరా" అనేది. అవతల గదిలోంచి డేల్ గట్టిగా దగ్గేవాడు.

సిల్వియా గారికి మాత్రం నచ్చలేదు. రోడ్డు మీది మంచును బ్లేడు పక్కకు దొర్లిస్తుంది కదా, ఆవిడ వాకిలి నోటి దగ్గర రోజూ నడుమెత్తు కట్ట పడేది. మూడో రోజు ఆవిడ తోపుడు పార పట్టుకుని లోడరుకు ఎదురుగా వచ్చి నిలబడ్డారు. ఆవిడ ఎత్తెంత, లోడరు ఎత్తెంత! అయినా ఆగింది లోడరే.

"నెత్తిన పోసినప్పుడు నవ్వాను. దాన్ని అలుసుగా తీసుకున్నావా?"

"లేదండీ టీచరు గారూ."

"మరి ఈ గోడెందుకు కడుతున్నావు నాకు? నేనేం చైనా చక్రవర్తినా?"

"ఇప్పుడే తీసేస్తానండీ."

"తీసి ఎక్కడ పెడతావు?"

వెర్నా బ్లేడు దించింది. కట్టను తోసుకుపోయి, అన్నిటినీ ఎక్కడ పెడుతోందో అక్కడే పెట్టింది: రోడ్డు మొదట్లో, చర్చి పక్క మూల మీద. ఖాళీ జాగా ఉన్నది అక్కడే. టామరాక్ రోడ్డు పెద్ద రోడ్డులో కలిసేదీ అక్కడే.

ఆ వారం సరస్సు విడవకుండా కురిసింది. రాత్రి కురిసేది, పగలు కాసేపు తెరిపి ఇచ్చి మళ్ళీ కురిసేది. వెర్నా రోజుకు రెండుసార్లు బయలుదేరేది, రెండుసార్లూ చకచకా ముగించేది. మూల మీద గుట్ట మొదట ఆమె నడుముదాకా ఉండేది. తర్వాత కేబిన్ కిటికీదాకా వచ్చింది. ఆ తర్వాత లోడరు కప్పు దాటింది. రోజూ చూసేదే కాబట్టి పెరగడం ఆమె కంటికి ఆనలేదు.

శనివారం పొద్దున ఆఖరి తోపు తోసి, వెనక్కి తిరగడానికి బండి రివర్స్ చేసింది. గుట్ట చాటునుంచి వెనక చక్రాలు పెద్ద రోడ్డు మీదికి దిగాయి. అద్దంలో మొదట ఏమీ లేదు. మరుక్షణం అద్దం నిండా నారింజ రంగు ఉంది.

హారన్ మోత. చక్రాలు జారిన చప్పుడు. కౌంటీ మంచుబండి ముందరి బ్లేడు, లోడర్లు రెండు పట్టేంత పెద్దది, ఆమె వెనక చక్రానికి చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఆగింది. అద్దం మీద మంచుపొడి వచ్చి పడి నెమ్మదిగా జారింది.

తలుపు తెరుచుకుంది. దిగింది రూడీ.

"ఎవడ్రా అది? కళ్ళు నెత్తికెక్కాయా? పెద్ద రోడ్డు మీదికి అలా వెనక్కొచ్చేస్తారా ఎవరైనా..." వచ్చి కేబిన్లోకి చూసి నోరు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచాడు. "నువ్వా అక్కా?"

"నేనేరా."

"నాకసలు కనబళ్ళేదే! ఈ గుట్ట ఎవడు కట్టాడిక్కడ? బుద్ధుందా అసలు? మూల మీద ఎవడైనా..."

"నేనే కట్టాను" అంది వెర్నా. "నీ గుర్రంతో."

రూడీ గుట్టను కింది నుంచి పైదాకా చూశాడు. వెర్నా కూడా బండి దిగి చూసింది, మొదటిసారి చూసినట్టు. గుట్ట నడినెత్తిన ఒక పసుపుపచ్చ రేకు ముక్క బయటికొచ్చి ఉంది. స్కూలు బస్సు ఆగే చోటని చెప్పే బోర్డు అది. స్తంభమంతా మంచులో ఉంది.

రూడీ రేకు మీది మంచు తుడవబోయాడు, చెయ్యి అందలేదు.

అన్నేళ్ళూ వెర్నా బస్సు ఈ మూలకు రాగానే ఆమె కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయేది. చలికాలంలో పిల్లలు నేల మీద నిలబడరు. గట్టు కనిపిస్తే ఎక్కుతారు, ఎక్కితే జారతారు, జారితే ఎటు వస్తారో వాళ్ళకే తెలియదు. గట్టు లేకుండా తియ్యండయ్యా అని ప్రతి చలికాలమూ హెక్టర్ బోద్రీతో పోట్లాడిన మనిషి తను. ఇప్పుడు ఒక్క వారంలో, తొందరగా ముగించే హుషారులో, హెక్టర్ ఎన్నడూ కట్టనంత గట్టు తనే కట్టింది. లోడరు చక్రం పట్టుకుని నిలబడింది.

"ఇవాళ శనివారం కాబట్టి సరిపోయింది" అన్నాడు రూడీ. "బడి ఉన్న రోజైతే ఇదే వేళకి..."

"అనకురా. తెలుసు."

* * *

మధ్యాహ్నం రూడీ డ్యూటీ దిగి నేరుగా అక్క వంటింట్లోకి వచ్చి కూచున్నాడు. టోపీ తియ్యలేదు. సంగతి డేల్‌కు అప్పటికే తెలుసు. బావమరిదిని ఇలా చేతికి చిక్కించుకునే అవకాశం మళ్ళీ రాదనిపించిందేమో, కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఏం బావమరిదీ, గుర్రం తన్నిందటగా? నేను ముందే..."

"డేల్" అంది వెర్నా.

డేల్ ఆమె మొహం చూశాడు, రూడీ మొహం చూశాడు. మాట మింగేసి, పాస్టీ పళ్ళెం రూడీ వైపు తోశాడు. "తిను. చల్లారిపోతుంది."

రూడీ తిన్లేదు. కాసేపయ్యాక, "బ్రేకు పట్టకపోతే అక్కా..." అన్నాడు.

"పట్టింది కదరా."

"చిన్నప్పుడు కొండ మీంచి జారినప్పుడు నిన్ను ముందు కూచోబెట్టి నేను వెనక కూచునేవాణ్ణి. తగిలితే నీకు తగుల్తుందని."

"తెలుసు, వెధవా. తినిప్పుడు."

రూడీ నవ్వాడు. అప్పుడు పాస్టీ తీసుకున్నాడు.

ఆదివారం ప్రార్థన ముగిశాక వెర్నా బ్లేడు విప్పేసి పాత మట్టి బకెట్ తగిలించింది. గుట్టను బకెట్లతో ఎత్తి చర్చి వెనక పొలంలో పోసింది. రూడీ తోపుడు పారతో స్తంభం చుట్టూ తవ్వాడు. డేల్ పికప్పులో కూచుని, పెద్ద రోడ్డు మీద వచ్చే కార్లకు కిటికీలోంచి కర్ర ఊపి వేగం తగ్గించాడు. ఈసారి ఆ కర్రను వెర్నా ఏమీ అనలేదు. చీకటి పడకముందే బోర్డు నేల మీద నిటారుగా నిలబడింది, దాని చుట్టూ పదిమంది పిల్లలు నిలబడేంత జాగా వచ్చింది.

హాటన్‌కు మళ్ళీ ముగ్గురూ వెళ్ళారు. బ్లేడు దింపి గ్లెన్ వెర్నా వైపు చూశాడు.

"తోలి చూశావుగా?"

"చూశాను. బ్లేడు నాకు చాలా నచ్చింది" అంది వెర్నా.

డేల్ మొహం వాడిపోయింది. రూడీ బూట్ల వంక చూసుకున్నాడు.

"కానీ మా రోడ్డుకు పక్కన జాగా లేదు. అటు కంచెలు, ఇటు చెట్లు. బ్లేడు మంచును పక్కకు తోస్తుందే గానీ లేకుండా చెయ్యదు. జనవరి వచ్చేసరికి ఎక్కడ పెట్టాలి? ఎత్తి అడవిలో పారేసేది కావాలి నాకు. బ్లోయరు తీసుకుంటాను."

"అద్దీ!" డేల్ కర్రలు టకటకలాడించుకుంటూ పెద్ద బ్లోయరు వైపు బయలుదేరాడు.

"అటు కాదు. ఇటు. చిన్నది."

"వెర్నా, ఒక్కసారి దాని నోరు చూడు..."

"నోరు ఇంట్లో ఒకటి చాలు. మన బండి ఈ చిన్నదాన్నే తిప్పగలదు. నడిరోడ్డు మీద మొరాయిస్తే నువ్వొచ్చి తోస్తావా ఒంటికాలితో?"

గ్లెన్ పైకి చూసి ఆకాశాన్ని పరీక్షించాడు. నవ్వు దాచుకోవడానికి అతని పద్ధతి అది.

రూడీ గొంతు సవరించుకున్నాడు. "మరి చర్చి ఆవరణో? దాన్ని బ్లోయరుతో కుడుతూ కూచుంటే ప్రార్థన వేళకి తెమలదు కదక్కా. నేను బ్లేడు కోసం అనట్లేదు. ఊరికే అడుగుతున్నా."

"తేలిక మంచుకి బకెట్ చాలు. వెనక పొలం ఉందిగా. పెద్ద మంచు పడ్డ రోజున పాస్టరు గారు ప్రసంగం కాస్త ఆలస్యంగా మొదలెడతారు. అందుకు ఊళ్ళో ఎవరూ కన్నీళ్ళు పెట్టుకోరు."

"ఆలస్యంగా మొదలెట్టినా అంత పొడుగూ చెప్తాడు, అదీ బాధ" అన్నాడు డేల్. రూడీ పకపకా నవ్వాడు. శనివారం తర్వాత బావా బావమరుదులు కలిసి నవ్వడం అదే మొదలు.

* * *

క్రిస్మస్‌కు ముందు వారం మళ్ళీ గట్టి మంచు పడింది. వెర్నా ముందుగా మూల దగ్గరికి పోయి బోర్డు చుట్టూ శుభ్రం చేసి, అక్కణ్ణుంచి ఇళ్ళ వైపు వచ్చింది. ట్రూడో వాళ్ళు పట్టా ఇంట్లోకి తీసుకున్నారు. సిల్వియా గారు కిటికీలోంచి చూసి, తలుపు తీసి, "వాకిట్లోకి రా అమ్మాయ్, కాస్త ఇటువైపు కూడా పోనీ. కానీ నా లైలాక్ మొక్కల జోలికి వెళ్ళావో, మళ్ళీ పియానో ముందు కూచోబెడతా!" అని అరిచారు. అది ఎంత పెద్ద మర్యాదో వెర్నాకు తెలుసు. మొక్కలకు ఆమడ దూరంలో ఉండి ఆ వాకిలి తీసింది.

సగం పని అయ్యాక రోడ్డు మధ్యలో ఎవరో చెయ్యి ఊపుతూ కనిపించారు. రూడీ. ఆ రోజు అతనికి సెలవు. చేతులు జేబుల్లో పెట్టుకుని, ఊరికే ఇటు వచ్చినట్టు నిలబడ్డాడు.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"నెమ్మదిగా పోతోంది."

"పోతుంది."

రూడీ గొట్టం వంక చూశాడు, అడవి వంక చూశాడు, మళ్ళీ గొట్టం వంక చూశాడు. "అక్కా, ఒక్కసారి నన్ను తోలనియ్యవే. ఒక్క ఇల్లు. ఊరికే, ఎలా తిరుగుతుందో చూద్దామని."

వెర్నా దిగింది. రూడీ ఎక్కాడు. మర గుర్రుమంది, ధార లేచింది. కొంచెం ఎత్తుకు, ఇంకొంచెం ఎత్తుకు, ఆఖరికి దేవదారుల పైకొమ్మలదాకా. కొమ్మలు మంచు దులుపుకుని ఊగాయి. అద్దంలోంచి కనిపించిన ఆ నెరిసిన తలవాడి మొహం చూసి వెర్నా తిరిగి తన సీటు అడగడం మానుకుంది.

ఒక్క ఇల్లన్నవాడు ఒకటి తీశాడు, రెండోదీ తీశాడు, వాళ్ళ జాబితాలో లేని ఇంటి వాకిట్లోకి కూడా తిరిగాడు. ఆ ఇంటాయన బయటికొచ్చి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. వెర్నా తుమ్మి, చేతి తొడుగులు సర్దుకుని, శుభ్రంగా తీసిన రోడ్డు మధ్యనే తాపీగా ఇంటికి నడిచింది.

వరండాలో డేల్ కుర్చీలోంచి సగం లేచాడు.

"బండేదీ?"

"నీ బావమరిది పట్టుకుపోయాడు."

"ఎప్పుడిస్తాట్ట?"

"ఆకలేసినప్పుడు" అంది వెర్నా, బూట్లు విప్పుకుంటూ.